సముద్రానికి సుస్తి చేసిన దినాలు

ఈస్టరు ముందటి నలుబై శ్రమదినాలల్ల వరమ్మ నీసు ముట్టదు. కోడి, యాట, చేప సరే, గుడ్డు గూడ ముట్టదు. అందుల వింతేం లేదు, వాళ్ల ఊరు సాతంరాయి చర్చిల సగంమంది ముట్టరు. గని ఆరున్నర కోట్ల ఏండ్ల కింద సచ్చిన సముద్రపు పురుగు గవ్వ గూడ నీసే అని లెక్కగట్టిన మనిషి మాత్రం ఈ భూమ్మీద వరమ్మ ఒక్కతే ఉంటది. నవ్వుతరా? నవ్వున్రి. నరసరాజు సారు గూడ కడుపు పట్టుకొని నవ్విండు. ఆ నవ్వు ఆయనకు ఎక్కువ దినాలు నిలవలేదు.

ముందుగాల ఆమె పనేందో చెప్పాలె, లేకుంటె ఈ ముచ్చట తలాతోకా దొరకదు. షంషాబాద్ల బెంగుళూరు రోడ్డు మీద బస్సు దిగి లోపలికి నడిస్తె, ద్రాక్షతోటల వెనుక కొత్తగ పడ్డ ప్లాట్లల్ల నరసరాజు సారు ఇల్లు. భీమవరం దిక్కు మనిషి. సర్కారు నౌకరిల రాళ్లు చూసుకుంట దేశమంత తిరిగి, రిటైరై, పట్నంల జాగ పిరమని ఇక్కడ కట్టుకున్నడు. ఆయన భార్య జ్ఞానప్రసూనాంబ. పేరెంత పొడుగో మనసు గూడ అంత పెద్దది. వరమ్మ ఆ ఇంట్ల బాసన్లు తోమెతందుకు కుదిరింది. ఒకనాడు చాటల బియ్యం పోసుకొని రాళ్లు ఏరుతుంటె సారు వరండల నిలవడి చూసిండు. చూసి చూసి, "వరమ్మా, ఆ చేత్తోనే నాకో పని చేసిపెడతావా?" అన్నడు. ఇగ ఆనాటి సంది బాసన్లకు వేరే మనిషి వచ్చింది, వరమ్మ ముంగట చాట పోయి మైక్రోస్కోపు వచ్చింది.

రాజమండ్రి దిక్కు ఏదో క్వారీ ఉన్నది. అక్కడ మీద నల్లరాయి, దాని కింద తెల్ల సున్నపురాయి, వరుస మీద వరుస. సారు ఒక్కో వరుసల నుంచి ఒక్కో సంచి మన్ను తవ్వి తెచ్చి వరండల పెట్టిండు. ఆ మన్ను నానబెట్టాలె, సన్న జల్లెడల కడగాలె, ఎండబెట్టాలె. చిటికెడు తీసి నల్ల పళ్లెంల చల్లి, మైక్రోస్కోపు కింద పెట్టి, సన్న కుంచెతోటి గవ్వలు ఏరాలె. గవ్వ అంటె చేతుల పట్టే గవ్వ అనుకునేరు, ఉప్మా రవ్వల సగం ఉంటది. కుంచె కొసకు తడి ఉంటెనే అది అంటుకుంటది. ఆ తడికోసం, దర్జీ దారం కొస తడిపినట్టు, మాటిమాటికి కుంచెను నాలిక మీద పెట్టుకుంటరు. సారు గట్లనే చేసేటోడు. వరమ్మ గూడ గట్లనే నేర్చుకున్నది.

గవ్వలల్ల పెద్దవాటికి వరమ్మ పిండివంట పేరు, సకినాలు అని పెట్టింది. చుట్టు మీద చుట్టు తిరిగి, అంచుపొంటి నువ్వులు అద్దినట్టు ఉంటయి మరి. గసగసాలంతే ఉండే చిన్నవాటికి గసాలు. సారు వాటి అసలు పేర్లు నేర్పెతందుకు చానా తిప్పలువడ్డడు. ఒక్క పేరు పలికేలోపు బస్సు సాతంరాయి దాటిపోయేటట్టుండె. ఆఖరికి ఆయనే ఓడిపోయి, "ఇవాళ సకినాలెన్ని?" అనుడు మొదలువెట్టిండు.

ఆ సారుకు ఒక పంతం ఉండె. పనిల కుదిరిన కొత్తల్నే వరమ్మకు కూసోవెట్టి చెప్పిండు.

"ఆ కాలంలో రాక్షసబల్లులు పోయాయి వరమ్మా. సముద్రంలో ఈ గవ్వల జాతులు కూడా చాలామటుకు పోయాయి. ఆకాశం నుంచి ఓ పెద్ద బండ పడింది, ఆ ఒక్క దెబ్బకే పోయాయి అంటారు చాలామంది. పడలేదని నేను అనను. కానీ అంతకు ముందునుంచే సముద్రానికి జబ్బు చేసి ఉందంటాను. మన దక్కనులో నేల చీలి రాయి కరిగి పారింది. పైనున్న నల్లరాయి అదే. ఆ పొగకీ, ఆ వేడికీ సముద్రం పాడైపోతూ వచ్చింది, అందులో బతికేవి చిక్కిపోతూ వచ్చాయి. కింది సంచి పాతకాలంది, పై సంచి ఆఖరి రోజులది; కింది నుంచి పైదాకా ఏరుకుంటూ పోతే ఆ చిక్కడం కంటికి కనబడాలి."

వరమ్మ అంత విని, "ఒక్కనాడే పోయినయేమో సారూ? ముందుగాల మంచిగనే ఉండి?" అని అడిగింది.

"అదే కదా తేల్చాలి."

"ఒక్కనాడే పోయుంటయి సారూ."

వారం పదిదినాలకు ఒకసారన్న గీ మాట అడిగేది. సారు మురిసిపోయేటోడు. "చూశావా, నాకు దొరక్క దొరక్క ఓ శిష్యురాలు దొరికితే అదీ ఎదుటి పక్షం" అని భార్యకు చెప్పి నవ్వేటోడు. పిచ్చి సారు. రాళ్ల కడుపుల ఏమున్నదో చెప్తడు గని ఎదురుంగ కూసున్న మనిషి కడుపుల ఏమున్నదో ఆయనకేం తెలుసు.

వరమ్మ కడుపుల షెకీనా ఉన్నది. ఆమె బిడ్డ. తొమ్మిదేండ్ల పిల్ల, నోరు తెరిస్తె ఇల్లంత ఆమె ముచ్చటే. ఆరేండ్ల కింద ఎండకాలం ఒకనాడు పొద్దున లేపితె లేవలేదు. ఊపిరి ఎగవోస్తున్నది, పిలిస్తె పలుకుత లేదు. వరమ్మ పెనిమిటి ఆశేర్ ద్రాక్షతోటల మాలి. అప్పుడే పనికి పోతున్నోడు మలిగొచ్చి పిల్లను భుజాన ఏసుకొని రోడ్డు దాక ఉరికిండు. దవాఖానల డాక్టరమ్మ, "ఇదివరకు గుర్తులు ఏమన్న కనబడ్డయా అమ్మా? కొన్ని వారాల సంది?" అని అడిగింది. "లేదమ్మా, నిన్నటి దాక మంచిగనే ఉన్నది" అన్నది వరమ్మ. పొద్దుగూకకముందే పిల్ల పోయింది. చక్కెర జబ్బట. పిల్లలకు గూడ వస్తదని వీళ్లకేమెరుక? "ఊకెనే రాదమ్మా, ముందుగాల గుర్తులుంటయి" అన్నది డాక్టరమ్మ మెల్లగ. తిట్టలేదు. తిట్టినా బాగుండు.

పాస్టరయ్య వచ్చి అంత దేవుని చిత్తమన్నడు. సుట్టాలు వచ్చి నుదుటి రాతన్నరు. అవేవి వరమ్మకు ఆనలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. మంచిగున్న పానాలు గూడ ఒక్కనాడే పోతయి, కన్నతల్లికి గూడ ముందుగాల తెల్వది అని, ఎవరన్న గట్టిగ చెప్పాలె. మనుషులు చెప్తె ఓదార్పుకు చెప్పిన్రనుకుంటది. రాయికేం పట్టింది ఆమెను ఓదార్చెతందుకు? రాయి చెప్తె నమ్ముతది. అందుకే ఆ మైక్రోస్కోపు ముంగట అంత ఓపికగ కూసునేది.

కింది సంచులు ఏరినన్ని దినాలు పండుగే. పళ్లెం నిండ సకినాలు. ఒక్కోదానికి ఒక్కో చుట్టు, ఒక్కో అందం. వరమ్మ కండ్లు మైక్రోస్కోపుకు ఆనిచ్చి తనల తనే మాట్లాడుకునేది. "ఓయమ్మో, గిదేం సోకే నీకు" అనేది. జ్ఞానప్రసూనాంబ చాయ్ తెచ్చి పక్కన పెడితె అది చల్లారి మీగడ కట్టేది.

మీది సంచులకు వస్తున్నకొద్ది పళ్లెం మారింది. సకినాల సైజు తగ్గింది. రకాలు తగ్గినయి. ఇంకో సంచి, ఇంక జర చిన్నవి. తర్వాత గసాలు ఎక్కువైనయి. సారు రోజుకు నాలుగుసార్లు వచ్చి తొంగి చూసి, చేతులు రుద్దుకుంట పోయేటోడు. వరమ్మకు మాత్రం అన్నం సయించలేదు. ఆ యేడు షంషాబాద్ల ఎవరి నోట విన్న ఒకటే ముచ్చట, ఇక్కడ విమానాలు దిగుతయట, భూములు పోతయట. బస్సుల జనం కొట్లాడుకుంటుంటె వరమ్మ చెవులకు ఎక్కేది కాదు. చిన్నగైతున్నయి, చిన్నగైతున్నయి అని అదొక్కటే తిరుగుతుండె. ఒకనాడు ఉండబట్టలేక సారు మీదనే ఎగిరింది.

"జల్లెడ మంచిగ లేదు సారూ! పెద్దయి అండ్లనే ఇరుక్కుంటున్నయేమో!"

"జల్లెడ అదే కదమ్మా, మొదట్నుంచీ."

"అయితె మీరు మన్ను తప్పు జాగల తవ్విన్రు."

సారు లేచిండు. లోపలికి పోయి, "ఆ అమ్మాయికి ఒంట్లో బాగున్నట్టు లేదు, కాస్త మజ్జిగ ఇవ్వు" అని భార్యకు చెప్పిండు.

ఇంతల శ్రమదినాలు వచ్చినయి. మొదటి దినమే వరమ్మ కుంచె నోట్లె పెట్టనన్నది.

"ఏమైంది?" అన్నడు సారు.

"సముద్రంల పుట్టింది గద సారూ, నీసే గద. నలుబై దినాలు ముట్ట."

"ఆరున్నర కోట్ల ఏళ్లయినా నీచు పోలేదా వరమ్మా!" అన్నది జ్ఞానప్రసూనాంబ వంటింట్ల నుంచి.

"నీసు నీసే అమ్మా. ఏండ్లైతె ఎండుచేప కూరగాయ అయితదా?"

దానికి జవాబు చెప్పెటోడు భీమవరంల గూడ లేడు. నవ్వుకుంటనే ఒక స్టీలు గిలాస నిండ నీళ్లు ఇచ్చిన్రు. ఇగ నాలికకు బదులు గిలాస. కుంచె గిలాసల ముంచుడు, గవ్వ నెత్తుడు, మల్ల ముంచుడు.

ఈస్టరు ఇంకో వారం ఉన్నదనంగ సారు, ఫోటోలు తీసెతందుకు కింది సంచిల నుంచి మంచి సకినాలు కొన్ని కావాలన్నడు. వరమ్మ పొద్దంత అవే ఏరింది. మధ్యాహ్నం నల్లరాయికి ఆనుకొని ఉన్న ఆఖరి సంచి మన్ను పళ్లెంల పోసింది. అన్నీ గసాలే. గసాలల్ల గూడ తాలు గసాలు. పళ్లెం సగం అయింది. పళ్లెం మూలను మైక్రోస్కోపు కిందికి జరిపింది.

అక్కడ ఉన్నది. సకినం. పెద్దది, నిండుగ, ఒక్క అంచు గూడ విరగకుంట.

"సారూ!" అని ఒర్లింది. ఇంట్ల ఇద్దరు ఉరికొచ్చిన్రు, పాము వచ్చిందనుకొని. "సూడున్రి సారూ! సూడున్రి! ఆఖరి దినం దాక మంచిగనే ఉన్నయి! నేను చెప్పలే?"

సారు వంగి చూసిండు. చానాసేపు చూసిండు. "అవును వరమ్మా, పెద్దదే" అన్నడు. కుర్సీల కూలబడి, "ఇదొక్కటి చాలు. నేను కట్టిందంతా పోయింది. ఉన్నది ఉన్నట్టే రాయాలి మరి" అన్నడు. మంచి మనిషి, దాచిపెడదామన్న ఆలోచన గూడ రాలేదు ఆయనకు.

వరమ్మకు సారు బాధ కండ్లకు ఆనలేదు. ఆనాడు ఆమె బస్సు ఎక్కలేదు, సాతంరాయి దాక నడిచే పోయింది. "ఒక్కనాడే పోయినయట. రాయిల ఉన్నది. నేనే చూసిన" అని ఆశేర్‌కు చెప్పింది. ఆయనకేం సమజ్ కాలేదు గని, పెండ్లాం మొఖం చూసి "మంచిదే" అన్నడు. ఈస్టరుకు ఆరేండ్ల తర్వాత సందూకల నుంచి షెకీనా ఫోటో తీసి గోడకు పెట్టింది. పెట్టి దాని ముంగట నిలవడి, ఏడ్వకుంట చూడగలిగింది. చర్చిల గొంతెత్తి పాడింది. ఆమె గొంతు అంత మంచిగుంటదని కొత్తగ వచ్చినోళ్లకు అప్పుడే తెలిసింది.

ఆ వారమంత పనికి రాలేదు, పండుగ అయినంకనే వచ్చింది. శ్రమదినాలు తీరినయి, కుంచె మల్ల నోట్లె పెట్టొచ్చు. కిటికిల పెట్టిన గిలాస గుర్తుకొచ్చింది. ఆనాటి సంతోషంల దాన్ని ఎవ్వరు ముట్టలేదు. ఎండకు నీళ్లు ఇగిరిపోయినయి. కడుగుదామని తీస్తె అడుగున తెల్లగ రవ్వ అంటుకొని ఉన్నది. అలవాటు చెయ్యి ఊకుంటదా? గోరుతోటి గీకి పళ్లెంల రాల్చి, మైక్రోస్కోపు కింద పెట్టింది.

సకినాలు. ఒకటి గాదు, రెండు గాదు. పొద్దటి పూట కింది సంచివి. కుంచె ముంచినప్పుడల్ల జారి గిలాసల పడ్డయి. మధ్యాహ్నం అదే గిలాసల ముంచి, అదే కుంచెతోటి ఆఖరి సంచి ఏరింది. ఒకటి కుంచెకు అంటుకొని పళ్లెంలకు వచ్చింది. నాలిక మీదైతె నలకలెక్క తెలిసేది, ఉమ్మేసేది. గిలాసకు నాలిక లేదాయె.

వరమ్మ చెయ్యి ఆ పళ్లెం మీదనే ఉండిపోయింది. ఊదితె ఎగిరిపోతయి. గిలాస కడిగితె అయిపోయె. ఎవ్వరు అడగరు. సారు ఓడిపోతడు, ఓడిపోనియ్యి, పింఛను ఆగుతదా ఏమన్ననా? తన సకినం తనకుంటది. గోడ మీద పిల్ల ఫోటో ఉంటది. దాని మొఖం చూడగలుగుతది. దేవుడా, ఒక్కటి, నాకు ఈ ఒక్కటి ఉండనియ్యి అనుకున్నది.

లోపలి రూముల సారు దగ్గిండు. ఆ సకినం దొరికిన సంది ఆయన ఈ దిక్కే రాలేదు, సరిగ తింటలేడని అమ్మ చెప్పింది. అది గాదు వరమ్మను లేపింది. దవాఖానల తను అన్న "లేదు" లేపింది. ఆరేండ్ల సంది ఆ ఒక్క మాట గొంతుల ముల్లోలె ఉన్నది. ఇంకొకటి మింగే జాగ లేదు.

పళ్లెం పట్టుకొని పోయింది. "సారూ, ఆ సకినం ఆఖరి సంచిది గాదు. నా గిలాసది" అన్నది.

సారుకు సమజ్ అయ్యెతందుకు జరసేపు పట్టింది. అయినంక ఆగలేదు. ఆఖరి సంచిల ఇంక సగం మన్ను ఉండె. తనే కడిగిండు, తనే ఎండబెట్టిండు, రెండు దినాలు కూసొని తనే ఏరిండు, నాలిక తోటే. ఒక్క సకినం లేదు. గసాలు, తాలు గసాలు. ఆఖరి పళ్లెం అయిపోయినంక, "ప్రసూనా!" అని పిలిచిండు చిన్నపిల్లగాని లెక్క. "ఉంది! జబ్బు చేసే ఉంది! నేనన్నది నిజమే!"

వరమ్మ వరండ మెట్ల మీద కూసొని ఉన్నది. సారు వచ్చి, "నువ్వు చెప్పకపోతే నేనేమైపోయేవాణ్ణి వరమ్మా" అంటనే ఆమె మొఖం చూసి ఆగిపోయిండు. అన్ని దినాలల్ల మొదటిసారి చూసిండు అనుకోరాదున్రి.

"సారూ, ఒకటి అడుగుత. ఆ నీళ్లల్ల ఉన్నదానికి తెలుస్తదా? సుస్తి చేసిందని?"

ఎవరి సంగతో సారుకు తెల్వదు. తెల్వదు గనుకనే ఉన్నదున్నట్టు చెప్పిండు. "తెలియదమ్మా. ఆ చిక్కడానికి వేల ఏళ్లు పట్టింది. ఒక్కో ప్రాణి బతికేది కొన్ని వారాలే. దానికి ఆ రోజు మామూలు రోజే. మనం అన్ని సంచులూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాం కాబట్టి మనకు తెలుస్తోంది."

వరమ్మ తలకాయ ఊపింది. ఎన్నేండ్ల సందో అడగాలనుకున్నదానికి జవాబు దొరికింది. దొరికితె బరువు దిగుతదనుకున్నది. దిగలేదు.

"నాకు ఒక బిడ్డ ఉండె సారూ" అన్నది.

జ్ఞానప్రసూనాంబ వచ్చి గడప మీదనే ఆగిపోయింది. వరమ్మ అంత చెప్పింది. డాక్టరమ్మ అడిగింది చెప్పింది, తను లేదన్నది చెప్పింది. "ఉండె సారూ. గుర్తులు ఉండె. నెల దినాలు నీళ్లు తాగింది. చెంబు చెంబు తాగేది. నేను బోరింగు కాడికెళ్లి మోసుకొచ్చుడు, అది తాగుడు. గౌను వదులైంది. బొక్కలు తేలినయి. ఎండకాలం గద, అందరు తాగుతరనుకున్న. ఒకనాడు పొద్దున చూస్తె కుండ ఖాళీ. ముంగట నిలవడి మూతి తుడుసుకుంటున్నది. కోపమొచ్చి వీపుల ఒక్కటిచ్చిన. ఏడ్వలేదు. 'ఇంక దూపైతున్నదే అమ్మా' అన్నది."

సారు మెట్టు మీద ఆమె పక్కకు కూసున్నడు. జ్ఞానప్రసూనాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"ఆ దినాలల్ల బతికినోళ్లకు తెల్వదంటున్నరు మీరు. నమ్ముత సారూ. గని నాకు తెలిసుడు తెల్వకపోవుడు వద్దిప్పుడు" అన్నది వరమ్మ. "ఆ దినాలల్ల ఒక్క దినం కావాలె. మంచిగున్న దినం అడుగుత లేను. సుస్తిదే, ఆ కుండ ఖాళీ చేసిన దినమే ఇయ్యిమను దేవున్ని. ఈసారి కొట్ట సారూ. బోరింగు కాడికి ఉరికి ఇంకో బిందె తెస్త. తాగు బిడ్డా, అంత తాగు అంట."